అన్నీ సాపేక్షమేనా?

నేటి విద్యార్థి లోకంలో ఒక మాట తరచుగా వినవస్తున్నది. వక్తృత్వ పోటీలో గానీ, హాస్టలు గదిలో పొద్దుపోయేదాకా సాగే చర్చలో గానీ, వాదం చిక్కుపడిన చోట ఎవరో ఒకరు లేచి, "అన్నీ సాపేక్షమే గదా! ఐన్‌స్టీన్ అంతటివాడే చెప్పినాడు" అంటారు. దానితో సభ సద్దుమణుగుతుంది. సత్యం సాపేక్షం, న్యాయం సాపేక్షం, మంచి చెడులు సాపేక్షం; ఎవరి దృష్టి వారిది. ఇక తర్కించవలసినది, తేల్చుకోవలసినది ఏమీ మిగలదు.

ఐన్‌స్టీన్ అట్లా చెప్పలేదు. సాపేక్షతా సిద్ధాంతం బోధించేది దాదాపు దీనికి విరుద్ధమైన విషయం. చూచేవారు మారినప్పుడు కొలతలు మారవచ్చును గాని, ప్రకృతి నియమం మారదని, కాంతి వేగం మారదని, మారిన కొలతల వెనుక అందరికీ ఒకటిగా నిలిచే లెక్క ఒకటి ఉన్నదని ఆ సిద్ధాంతం చెబుతున్నది. ఇంత గొప్ప విషయం మన విద్యార్థుల నోట తలక్రిందులు కావడానికి కారణం వారి బుద్ధిమాంద్యం కాదనీ, దానిని వారు సూత్రంగా కంఠస్థం చేసినారే గాని తమ భాషలో ఆలోచించలేదనీ మా దృఢాభిప్రాయం. ఈ రెండు సంగతులను విద్యార్థుల ముందు, కళాశాల పాలక సంఘం పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము తెలుగు బోధించేవారమే గాని భౌతిక శాస్త్ర పండితులము కాము. అయినను ఈ విషయంలో మాట్లాడే సాహసం చేయడానికి కారణం ఉన్నది. ఈ సిద్ధాంతంలో విద్యార్థికి తగిలే మొదటి అడ్డు గణితం కాదు, మాట. "సాపేక్షం" అనే పదాన్నే చూడండి. తెలుగువానికి "అపేక్ష" అనగానే కోరిక అనే అర్థం స్ఫురిస్తుంది. కాని ఇక్కడ అపేక్ష అంటే మరొక దానిపై ఆధారపడి ఉండుట. ఉర్దూ మిత్రులు దీనిని "ఇజాఫియత్" అంటారు. రెండు పదాల నడుమ సంబంధాన్ని తెలిపే "ఇజాఫత్" వారి వ్యాకరణంలో అందరికీ తెలిసినదే. ఆ విధంగా చూస్తే ఉర్దూ పదం కొంత సూటిగా ఉన్నది: ఒంటరిగా అర్థం పూర్తి కాక, మరొక దానితో ముడిపడి అర్థమిచ్చేది సాపేక్షం.

ఇట్టి మాటలు మన ఇండ్లలోనే ఎన్నో ఉన్నాయి. "తమ్ముడు" అనే మాటను తీసుకోండి. "ఆయన తమ్ముడు" అనగానే వినేవాడు "ఎవరికి?" అని అడుగుతాడు. ఒకే మనిషి ఒకరికి తమ్ముడు, మరొకరికి అన్న, ఇంకొకరికి మేనమామ. ఇందులో ఏదీ అబద్ధం కాదు, ఎవరిష్టం వచ్చినట్లు చెప్పేదీ కాదు. నాకు తమ్ముడైనవాడు నా కొడుకుకు చిన్నాన్న కాక తప్పదు. వరుస మారుతుంది, వరుస మారే పద్ధతి మాత్రం కట్టుదిట్టమైనది. వేగం కూడా ఇట్టి వరుస వంటిదే. "ఈ రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నది" అంటే "దేనిని బట్టి?" అని అడగవలసి ఉన్నది. పట్టాలను బట్టి 100. పక్క పట్టాల మీద అదే దిక్కున అదే వేగంతో పోయే రైలును బట్టి సున్న. ఎదురుగా అదే వేగంతో వచ్చే రైలును బట్టి 200.

ఈ సంగతి మానవజాతికి కొత్తది కాదు. సికింద్రాబాదు స్టేషనులో పక్క రైలు కదిలినప్పుడు మన రైలే కదిలినదని భ్రమపడనివారు లేరు. క్రీ. శ. 499లో ఆర్యభటుడు తన గ్రంథంలో నావ ఉపమానాన్ని చెప్పినాడు: ముందుకు సాగే నావలోని మనిషికి ఒడ్డున నిలిచి ఉన్న వస్తువులు వెనుకకు పోతున్నట్లు కనిపించినట్లే, తిరిగే భూమి మీది వానికి నిలిచి ఉన్న నక్షత్రాలు పడమటికి పోతున్నట్లు కనిపిస్తాయని. ఐదు శతాబ్దాల తరువాత, 1030 ప్రాంతంలో, అల్ బిరూని భారతదేశాన్ని గూర్చి అరబ్బీలో రచించిన గ్రంథంలో ఈ మతాన్ని ప్రస్తావించినాడు. భూమి తిరుగుతున్నదని అన్నంత మాత్రాన ఖగోళ గణితానికి భంగం లేదని, కనిపించే విషయాలను ఆ విధంగానూ వివరించవచ్చునని ఒప్పుకున్నాడు. అయితే వేరే కారణాల వల్ల ఆ ప్రశ్న తేల్చుటకు మిక్కిలి కఠినమైనదని కూడా వ్రాసినాడు. పాటలీపుత్రం దగ్గరి ఖగోళవేత్త చెప్పిన మాటను ఖ్వారజ్ము నుండి వచ్చిన పండితుడు ఎంత జాగ్రత్తగా తూచినాడో మన విద్యార్థులు గమనించవలెను.

1632లో గెలీలియో ఈ భావాన్ని నియమంగా బిగించినాడు. ఓడ లోపలి మూసిన గదిలో కొన్ని సీతాకోకచిలుకలను, ఒక తొట్టిలో చేపలను, బొట్టుబొట్టుగా నీరు కారే పాత్రను ఉంచమన్నాడు. ఓడ కుదుపు లేకుండా ఒకే తీరున సాగుతున్నంత కాలం, అది కదులుతున్నదో నిలిచి ఉన్నదో లోపలివాడు ఏ ప్రయోగంతోనూ కనిపెట్టలేడు. చిలుకలు అన్ని వైపులకూ సమంగా ఎగురుతాయి. బొట్టు తిన్నగా క్రిందికే పడుతుంది. కనుక ఒకే తీరున సాగే చలనంలో "నిజంగా కదిలేది ఎవరు?" అనే ప్రశ్నకు అర్థం లేదు. అందరి గదులలోనూ ప్రకృతి నియమాలు ఒకటే. సాపేక్షతలో మొదటి సగం ఇది. దీనిని కనిపెట్టినది ఐన్‌స్టీన్ కాదు. ఈ మొదటి సగంలోనే సమత్వం ఉన్నదని గమనించండి. ఏ గదిలోనివాడికీ ప్రత్యేకాధికారం లేదు.

ఇక రెండవ సగం కాంతిని గూర్చినది. బస్రాలో 965 ప్రాంతంలో జన్మించిన ఇబ్న్ అల్ హైసమ్, కాంతి ప్రయాణానికి ఎంత స్వల్పమైనా కొంత కాలం పట్టునని భావించినాడు. 1676లో రోమర్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు గురుగ్రహపు ఉపగ్రహాలలో ఒకదానికి పట్టే గ్రహణాలు ఒకప్పుడు ముందుగా, ఒకప్పుడు ఆలస్యంగా జరుగుతున్నట్లు కనిపించడాన్ని బట్టి కాంతి వేగం పరిమితమేనని నిరూపించినాడు. ఆ వేగం నేటి లెక్క ప్రకారం సెకనుకు 2,99,792 కిలోమీటర్లకు పైగా. హైదరాబాదు నుండి విజయవాడ చేరడానికి కాంతికి సెకనులో వెయ్యవ వంతు కూడా పట్టదు. సూర్యుని నుండి మనల్ని చేరడానికి మాత్రం 8 నిమిషాలకు పైగా పడుతుంది.

1865లో మాక్స్‌వెల్ ప్రకటించిన విద్యుదయస్కాంత సమీకరణాల నుండి కాంతి వేగం దానంతట అదే లెక్కలో తేలింది. ఇక్కడే చిక్కు వచ్చింది. వేగం అనేది వరుస వంటిదైతే, ఈ వేగం "ఎవరికి"? సమీకరణాలు ఆ మాట చెప్పలేదు. విశ్వమంతటా "ఈథర్" అనే సూక్ష్మ పదార్థం నిండి ఉన్నదని, కాంతి వేగం దానిని బట్టి చెప్పినదని ఆనాటి పండితులు ఊహించినారు. అదే నిజమైతే, సూర్యుని చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే భూమి మీద, పరుగు దిక్కున పోయే కాంతికీ అడ్డంగా పోయే కాంతికీ తేడా కనిపించవలెను. 1887లో అమెరికాలో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు ఆ తేడాను కొలవడానికి అతి సున్నితమైన ప్రయోగం చేసినారు. వారు ఎదురుచూచిన తేడా కనిపించలేదు.

1905లో, స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో పేటెంటు కార్యాలయంలో చిన్న ఉద్యోగం చేసుకుంటున్న 26 ఏండ్ల యువకుడు ఈ చిక్కును విప్పినాడు. ఆయన వ్యాసం పేరులో "సాపేక్షత" అనే మాటే లేదు. అది చలించే వస్తువుల విద్యుద్గతి శాస్త్రాన్ని గూర్చిన వ్యాసం. సిద్ధాంతానికి ఈ పేరు తరువాత స్థిరపడింది. ఐన్‌స్టీన్ రెండు మాటలను పునాదిగా తీసుకున్నాడు. మొదటిది, ఒకే తీరున సాగే వారందరికీ ప్రకృతి నియమాలు ఒకటే. రెండవది, శూన్యంలో కాంతి వేగం దానిని వెదజల్లే దీపం కదలికపై ఆధారపడదు. ఈ రెండింటినీ కలిపితే, కాంతి వేగం ఎవరు కొలిచినా ఒకటే అని తేలుతుంది.

ఇది ఎంత విచిత్రమో విద్యార్థి ఒక్క క్షణం ఆగి ఆలోచించవలెను. బంతిని విసిరేవాడు పరుగెత్తుతూ విసిరితే బంతి వేగం పెరుగుతుంది. దీపం పట్టుకొని పరుగెత్తితే కాంతి వేగం పెరగదు. ఇది కేవలం ఊహ కాదు. 1964లో జెనీవా వద్ద సెర్న్ ప్రయోగశాలలో, కాంతి వేగంలో 99.975 శాతం వేగంతో దూసుకుపోయే కణాల నుండి వెలువడిన కిరణాలను కొలిచినారు. ఆ కిరణాలు కూడా మామూలు కాంతి వేగంతోనే ప్రయాణం చేసినాయి.

మన ఇండ్లలోని వరుసల మాటకే మళ్లీ వద్దాము. వరుసలన్నీ మనిషిని బట్టి మారతాయని అన్నాము గదా. కాని తెలుగు తల్లి బిడ్డకు ఆకాశంలో చందమామను చూపుతుంది. ఉర్దూ తల్లి చందా మామా అని చూపుతుంది. బిడ్డకు మామ అయినవాడు తల్లికి సోదరుడు కావలెను, అమ్మమ్మకు కొడుకు కావలెను. అయినను తల్లికీ మామే, అమ్మమ్మకూ మామే, మనుమరాలికీ మామే. కాంతి వేగం ప్రకృతిలో అట్టి చందమామ. తక్కిన వేగాలన్నీ "ఎవరికి?" అన్న ప్రశ్నకు లోబడినవి, ఇది ఒక్కటి మాత్రం అందరికీ ఒకే వరుస. పోలికకు హద్దు ఉన్నది. చందమామను అందరూ మామ అనడం వాడుక. కాంతి వేగం అందరికీ ఒకటి కావడం ప్రకృతి ధర్మం.

అందరికీ ఒకటిగా ఉండే వేగాన్ని ఒప్పుకుంటే మరొక దానిని వదులుకోవలసి వస్తుంది. వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించగా వచ్చేది. వేగం మారనంటే దూరమో, కాలమో, రెండూనో మారక తప్పదు. ఇది చూడడానికి తొమ్మిదవ తరగతి రేఖాగణితం చాలును. ఒక రైలు కాంతి వేగంలో 5లో 3 వంతుల వేగంతో పోతున్నదని ఊహించండి. పెట్టె నేల మీద దీపం, దాని పైన కప్పుకు అద్దం ఉన్నాయి. దీపం నుండి బయలుదేరిన కాంతి రైలులోని ప్రయాణికునికి తిన్నగా పైకి పోతుంది; ఆ ఎత్తు 4 మూరలు అనుకుందాము. ప్లాటుఫారం మీద నిలిచినవానికి అట్లా కాదు. కాంతి పైకి పోయేలోగా రైలు 3 మూరలు ముందుకు జరిగింది. అంటే వానికి కాంతి ఏటవాలుగా పోయింది. 3, 4 భుజాలుగా గల లంబకోణ త్రిభుజంలో కర్ణం 5. కనుక వాని లెక్కలో కాంతి నడిచిన దూరం 5 మూరలు.

కాంతి వేగం ఇద్దరికీ ఒకటే గనుక, 4 మూరలు నడిచిన కాలం ప్రయాణికునిది, 5 మూరలు నడిచిన కాలం ప్లాటుఫారం వానిది. ఒకే సంఘటనకు ఒకరి గడియారంలో 4 పాళ్లు, మరొకరి గడియారాలలో 5 పాళ్లు గడిచినాయి. మన విద్యార్థులు పరీక్షలో వ్రాసే వర్గమూలపు సూత్రం ఇంతకంటె వేరు కాదు. ఈ త్రిభుజాన్ని ఒకసారి చేత్తో గీసినవాడు ఆ సూత్రాన్ని కంఠస్థం చేయనక్కరలేదు. మరచిపోయినా మళ్లీ పుట్టించుకోగలడు.

ఇక్కడ తెలివిగల విద్యార్థి ఒక ప్రశ్న వేయవలెను. రైలులోని వానికి ప్లాటుఫారమే వెనుకకు పరుగెత్తుతున్నది గనుక, వాని దృష్టిలో ప్లాటుఫారం గడియారాలే నెమ్మదించవలెను గదా? ఇద్దరి మాటా నిజం ఎట్లా అవుతుంది? దీనికి జవాబు "ఏకకాలం" అనే మాటలో ఉన్నది. పెట్టె సరిగ్గా నడుమ ఒక దీపం వెలిగించినారనుకోండి. ప్రయాణికునికి కాంతి ముందు గోడను, వెనుక గోడను ఒకేసారి తాకుతుంది. ప్లాటుఫారం వానికి వెనుక గోడ కాంతికి ఎదురు వస్తున్నది, ముందు గోడ కాంతి నుండి దూరంగా పోతున్నది. కాంతి వేగం మాత్రం రెండు వైపులా ఒకటే. కనుక వెనుక గోడనే ముందుగా తాకుతుంది. దూర దూరంగా జరిగిన రెండు సంఘటనలు "ఒకే సమయంలో" జరిగినాయా అనే విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం ఉండదు. రైలులోని ఒక గడియారాన్ని పోల్చడానికి ప్లాటుఫారం మీద రెండు చోట్ల రెండు గడియారాలు కావలెను. ఆ రెండూ ఒకదానితో ఒకటి సరిపోయినవని ప్లాటుఫారం వాడు అంటాడు, ప్రయాణికుడు ఒప్పుకోడు. వారి భేదం అంతా ఇందులో ఇమిడిపోతుంది. వైరుధ్యం లేదు.

మన నిత్య జీవితంలో ఇవేవీ ఎందుకు తెలియవు? గంటకు 100 కిలోమీటర్లు పోయే రైలులో గంటకు 5 కిలోమీటర్ల చొప్పున ముందుకు నడిచేవాని వేగం పట్టాలను బట్టి 105 అని బడిలో చెబుతారు. ఐన్‌స్టీన్ లెక్కలో అది 105 కంటె రవ్వంత తక్కువ. ఆ రవ్వ ఎంత? అతడు గంటసేపు నడిచినా, వచ్చే తేడా ఒక పరమాణువు వెడల్పు కంటె తక్కువ. అదే, కాంతి వేగంలో 10లో 6 వంతుల వేగం గల రైలులో అంతే వేగంతో ముందుకు దూసుకుపోయే వస్తువు ఉంటే, మొత్తం 1.2 రెట్లు కాదు, సుమారు 0.88 మాత్రమే. కాంతికి ఏ వేగం కలిపినా మళ్లీ కాంతి వేగమే వస్తుంది.

నమ్మకం కుదరనివారికి సాక్ష్యాలు ఉన్నాయి. విశ్వకిరణాలు వాతావరణం పై పొరలను తాకినప్పుడు, నేల నుండి 15 కిలోమీటర్ల ప్రాంతంలో మ్యూయాన్ అనే కణాలు పుడతాయి. వాటి సగటు ఆయువు సెకనులో 10 లక్షల వంతులలో 2.2 వంతులు. ఆ కాలంలో కాంతి సైతం 660 మీటర్లే పోగలదు. ఆ లెక్కన అవి మధ్యలోనే నశించిపోవలెను. కాని చదువుతున్న ఈ నిమిషంలోనే మీ అరచేతి గుండా పదుల సంఖ్యలో అవి దూసుకుపోతున్నాయి. మన గడియారాలతో చూస్తే వాటి కాలం నెమ్మదించింది. వాటితో కలిసి ప్రయాణం చేసేవానికి మన వాతావరణపు మందమే కుదించుకుపోయింది. ఇద్దరూ ఒప్పుకునే సంగతి ఒకటి ఉన్నది: కణం నేలను చేరింది. 1941లో రోసీ, హాల్ అనే శాస్త్రజ్ఞులు వీటిని కొండ మీద, క్రింద లెక్కించి ఈ విషయాన్ని స్థిరపరచినారు. 1971లో హాఫెలె, కీటింగ్ అనేవారు పరమాణు గడియారాలను విమానాలలో భూమి చుట్టూ త్రిప్పి తెచ్చి నేల మీది గడియారాలతో పోల్చినారు. నేడు మన చేతి ఫోనుకు దారి చూపే ఉపగ్రహాల గడియారాలు వేగం వల్ల రోజుకు సెకనులో 10 లక్షల వంతులలో 7 వంతులు వెనుకబడతాయి. గురుత్వాకర్షణ తగ్గినందువల్ల 45 వంతులు ముందుకు పోతాయి. మిగిలిన 38 వంతులను సరిదిద్దకపోతే, ఒక్క రోజులో 11 కిలోమీటర్ల దాకా దోషం పేరుకుపోతుంది.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాము. అన్నీ సాపేక్షమేనా? పైన గీసిన త్రిభుజాన్నే మళ్లీ చూడండి. ప్లాటుఫారం వానికి కాలం 5 పాళ్లు, రైలు జరిగిన దూరం 3. ప్రయాణికునికి కాలం 4 పాళ్లు. దీపం వాని కాళ్ల దగ్గరే ఉన్నది గనుక దూరం సున్న. 5 వర్గం నుండి 3 వర్గం తీసివేస్తే 16. 4 వర్గం నుండి సున్న తీసివేసినా 16. కాలం వేరు, దూరం వేరు. రెండింటినీ కలిపి కట్టిన లెక్క ఒకటే. ఈ ఐక్యాన్ని 1908లో ఐన్‌స్టీన్‌కు ఒకప్పటి గురువైన మింకోవ్‌స్కీ లోకానికి చాటినాడు. అంతే కాదు. కారణం ముందు, కార్యం తరువాత అనే క్రమం ఏ పరిశీలకునికీ తారుమారు కాదు. తండ్రి కంటె ముందు కొడుకు పుట్టినట్లు ఏ రైలు నుండి చూచినా కనిపించదు.

కనుక "ఎవరి సత్యం వారిది" అని చెప్పడానికి ఐన్‌స్టీన్‌ను సాక్షిగా పిలవడం ఆయనకు అన్యాయం. ఆయన చెప్పినది వేరు: నీ కొలత నీది, నా కొలత నాది, కాని నీ స్థానం నుండి ఏమి కనిపిస్తుందో నేను లెక్కకట్టగలను, నా స్థానం నుండి కనిపించేది నీవు లెక్కకట్టగలవు, మనిద్దరినీ కలిపే నియమం ఒకటి ఉన్నది. వాదాన్ని ఆపివేయడానికి ఇది సాకు కాదు. వాదాన్ని సవ్యంగా ముగించే మార్గం ఇది. పలు మతాలవారు, పలు భాషలవారు కలిసి బ్రతికే మన దేశంలో ఈ రెండు మాటల నడుమ భేదం చిన్నది కాదు. భౌతిక శాస్త్రం నుండి నీతిశాస్త్రాన్ని పిండరాదని మేమూ ఎరుగుదుము. పిండదలచినవారు కనీసం సరియైన పండునుండి పిండవలెనని మాత్రమే మా మనవి.

మరొక సంగతి కూడా చెప్పక తప్పదు. దైవం వద్ద ఒక దినం మన లెక్కకు వేయి సంవత్సరాలన్న ఖురాను మాటలోను, బ్రహ్మలోకానికి పోయి వచ్చిన రైవత మహారాజు కథలోను సాపేక్షతా సిద్ధాంతం ముందే ఉన్నదని ఇరువైపులవారూ ఉత్సాహంగా చెబుతుంటారు. ఆ గ్రంథాల యెడ మాకు గల భక్తి గౌరవాలలో లోటు లేదు. కాని విశ్వాసానికి ప్రయోగశాల నుండి యోగ్యతా పత్రం అక్కరలేదు. శాస్త్రానికి పరీక్ష తప్పదు. 2011లో న్యూట్రినో అనే కణాలు కాంతి కంటె ముందుగా చేరినట్లు ఐరోపాలోని ఒక ప్రయోగ బృందం ప్రకటించింది. సెర్న్ నుండి ఇటలీ వరకు 730 కిలోమీటర్ల ప్రయాణంలో సెకనులో 100 కోట్ల వంతులలో 60 వంతుల ముందు! లోకమంతా ఉలిక్కిపడింది. 2012లో, ఒక తంతి సరిగ్గా బిగించకపోవడం ఆ తేడాకు ముఖ్య కారణమని వారే కనుగొని చెప్పినారు. ఐన్‌స్టీన్ మాట గనుక పరీక్షించరాదని ఎవరూ అనలేదు. పవిత్ర వాక్యాన్ని ఇట్టి పరీక్షకు నిలబెట్టడం భక్తులకు సమ్మతమా? కానప్పుడు రెండింటినీ వాటి వాటి స్థానాలలో గౌరవించడం మేలు. ఆర్యభటుడు, అల్ బిరూని, ఇబ్న్ అల్ హైసమ్ మనకు గర్వకారణం. వారు 1905 నాటి సంగతి ముందే చెప్పినందుకు కాదు, తమ కాలంలో నిర్భయంగా ప్రశ్నించినందుకు.

ఇక భాష సంగతి. ఈ సిద్ధాంతం మొదట వెలసినది జర్మను భాషలో. ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల మూల వ్యాసాలను ఇంగ్లీషులోకి అనువదించి 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ద్వారా వెలువరించినవారు మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోసు. అప్పటికి ఇద్దరూ ముప్పై నిండని అధ్యాపకులు. తమకు, తమ విద్యార్థులకు అందని భాషలో ఉన్నదని వారు కూర్చోలేదు. అందే భాషలోకి తెచ్చుకున్నారు. మన నగరంలోనే 1917లో అనువాద శాఖను నెలకొల్పి, 1918లో ఉర్దూ బోధనా భాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించినారు. తెలుగులో ఉన్నత విద్యా గ్రంథాల కోసం 1968లో తెలుగు అకాడమీ వెలసింది. దారి వేసినవారు వేసినారు. నడవవలసినది మనము.

ఇంగ్లీషు లేకుంటే ఉద్యోగాలు రావని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చును. అది నిజమే. మేము ఇంగ్లీషుకు విరోధులము కాము. విద్యార్థి ఇంగ్లీషులో వ్రాయడం, మాట్లాడడం నేర్చుకోవలసిందే. కాని ఏ విషయమైనా మనం తగవులాడుకునే భాషలో ఒకసారి నలిగితే గాని మనది కాదు. "ఎవరికి?" అని నిలదీసే ప్రశ్న విద్యార్థికి తల్లి భాషలో పుడుతుంది. సూత్రాన్ని కంఠస్థం చేసినవాడికి మార్కులు వస్తాయి. ప్రశ్న పుట్టినవాడికి చదువు వస్తుంది. ముఖ్యంగా, ఉర్దూ తెలుగు మాధ్యమాల నుండి వచ్చిన పేద పిల్లలు "ఈ గొప్ప సిద్ధాంతాలు మన బోటి వారికి కావు" అని తమలో తాము తీర్మానించుకోవడం ఒక నిశ్శబ్దమైన నష్టం. అది ఏ ఫలితాల పట్టికలోనూ కనిపించదు.

పాలక సంఘం పెద్దలకు మా మనవి మూడు మాటలు. వారానికి ఒక గంట, భౌతిక శాస్త్ర అధ్యాపకుడు ఒక మూలభావాన్ని బోర్డు మీద సూత్రం వ్రాయకుండా వివరించాలి; తెలుగు, ఉర్దూ అధ్యాపకులు పక్కన కూర్చొని మాటలు అందించాలి. గ్రంథాలయపు గోడ మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు శాస్త్ర పదాల పట్టికను విద్యార్థుల చేతనే వ్రాయించాలి. కళాశాల అంతర్గత పరీక్షలో ఒక్క ప్రశ్నకైనా సమాధానం సూత్రం లేకుండా సొంత మాటలలో వ్రాయమనాలి. వీటికి కొత్త భవనం అక్కరలేదు, గ్రాంటు అక్కరలేదు. కావలసినది కొంత ఓపిక.

విద్యార్థులకు మేము చెప్పేది ఒక్కటే. ఎవరైనా మీ ఎదుట "అన్నీ సాపేక్షమే" అంటే వాదం ముగిసిందని లేచిపోవద్దు. ఒక కాగితం తీసుకొని 3, 4, 5 త్రిభుజాన్ని గీయండి. ఏది మారిందో చూపండి. ఏది మారలేదో కూడా చూపండి. ఆ తరువాత వాదం అక్కడినుండి మొదలుపెట్టండి.